ఫ్యాక్టరీకి తాళం గీసిన పిల్లలు

మా ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి ఒక గుడ్డ సంచి వేలాడుతూ ఉంటుంది. ఒకప్పుడు అది నీలం రంగుది. ఇప్పుడు ఏ రంగంటే చెప్పలేను. మా ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు ఇంగ్లిష్ మాటలు ఈ సంచిలోంచే వచ్చాయి. ఆమె రిటైరై చాలా రోజులైంది కానీ సంచిని ఉతికి బీరువాలో పెడదామంటే ఇప్పటికీ ఒప్పుకోదు. మొన్న ఏదో వెతుకుతూ అందులో చెయ్యి పెడితే అడుగున ఒక తాడుముక్క, పళ్లు ఊడిన దువ్వెన, ఒక ఇత్తడి బిళ్ల తగిలాయి. బిళ్ల మా నాన్నది. అది ఆ సంచిలోకి ఎలా చేరిందో చెప్పాలంటే ఆమె చివరగా పనిచేసిన బడి గురించి చెప్పాలి.

నేను నిజామాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో పాతికేళ్లకు పైగా పనిచేశాను. ముందు నేనే రిటైరయ్యాను. ఆమెకు అప్పటికి సర్వీసు మిగిలి ఉంది, మోకాళ్లలో సత్తువే మిగల్లేదు. బోధన్‌కు ఇవతల, చెరుకు తోటల మధ్య చిన్న ఊళ్లో ఆమె బడి. బస్సు మెట్లు ఎక్కలేకపోతోందని రోజూ స్కూటర్ మీద నేనే దింపేవాణ్ని. ఇంటికొచ్చి సాయంత్రం మళ్లీ వెళ్లడం ఎందుకని అక్కడే వరండాలో కుర్చీ వేసుకుని పేపర్ చదువుకునేవాణ్ని. పత్రికలో పనిచేసినవాడికి పేపర్ మరీ తొందరగా అయిపోతుంది. ఆ తర్వాత చేసేదేం లేక ఆమె పాఠం చెప్పడం చూస్తూ కూర్చునేవాణ్ని. పెళ్లయిన ముప్పై ఏళ్లకు ఆమె పనిచేస్తుండగా చూడటం అదే మొదలు.

సర్కారు బళ్లు ఇంగ్లిష్ మీడియంలోకి మారిన కొత్త. కొత్త పాఠం వచ్చిందంటే రెండు మూడు రోజులు ఆమె పుస్తకం తెరవనిచ్చేది కాదు. పాఠంలో రాబోయే కొత్త మాటలు నాలుగైదు ఏరుకుని, ఆ వస్తువులు ఇంటి నుంచి సంచిలో వేసుకొచ్చేది. ఒక్కో పిల్లా వచ్చి, చూడకుండా సంచిలో చెయ్యి పెట్టి, తడిమి, అదేమిటో చెప్పాలి. ఒకరు తాళంచెవి అనేవాళ్లు. ఇంకొకరు చాబీ అనేవాళ్లు. చెరుకు కోతకు అవతలి రాష్ట్రం నుంచి వచ్చి ఊరి చివర ఉండిపోయిన ఇళ్ల పిల్లలు కిల్లీ అనేవాళ్లు. అన్నీ విన్నాక, అందరి మాటలూ అయ్యాక, చిట్టచివర 'కీ' అని తను చెప్పేది. తర్వాత అది ఎవరింట్లో ఎక్కడ ఉంటుంది, ఎవరి కొంగుకు ఉంటుంది అని కబుర్లు. తర్వాత నోట్‌బుక్‌లో బొమ్మ. మర్నాడు ఖాళీ సంచి తిరగేసి చూపించి, నిన్న ఏమేం ఉన్నాయో చెప్పమనేది. మూడో రోజుకు గానీ పుస్తకం బయటికి వచ్చేది కాదు.

ఆమె మిషన్ హాస్టల్లో పెరిగిన పిల్ల. అక్కడ చిన్న తరగతులకు చెప్పిన టీచరమ్మ దగ్గర నేర్చుకుంది ఈ సంచి విద్య. నందిపేట్‌లో పనిచేసిన రోజుల్లో, 'బాయిల్' అన్న మాట పాఠంలో ఉందని తరగతి మొత్తాన్ని పసుపు ఉడికించే కడాయి దగ్గరికి తీసుకెళ్లిందట. ఆవిరికి కళ్లు మండి, ముక్కులు తుడుచుకుంటూ అందరూ వెనక్కి వచ్చారట.

నేను చదువుకున్న తీరు వేరు. నోట్‌బుక్ పేజీకి మధ్యలో స్కేలు పెట్టి గీత కొట్టేవాళ్లం. గీతకు ఇటు ఇంగ్లిష్ మాట, అటు తెలుగు అర్థం. వాటిని మీనింగులు అనేవాళ్లం. ఆ మీనింగుల మీదే నా ఉద్యోగమంతా నడిచిందని చెప్పొచ్చు. డెస్కులో ఇంగ్లిష్ వార్త వస్తే ఇటు మాటను అటు తిప్పడమే పని. అందుకని మొదట్లో ఒకరోజు ఆమెతో అన్నాను, మూడు రోజులు వృథా చేయకుండా బోర్డు మీద గీత కొట్టి రాసెయ్యొచ్చు కదా అని.

"లగ్గానికి పోయేటప్పుడు పోరగాండ్లకు ముందుగల చెప్తమా లేదా? గామె మీ మేనత్త, గాయన మీ చిన్నబాపు అని," అంది ఆమె. "తెల్వని మందిల ఇడిచిపెడితే పోరడు గోడకు అతుక్కొని నిలవడతడు. పాఠం గూడ గంతే."

"నేను నిలబడలేదే!"

"మీరు ఇప్పటికి గట్లనే నిలవడతరు," అంది. ఇంగ్లిష్‌లో ఎవరైనా మాట్లాడితే నేను తలూపడమే కానీ నోరు తెరవనన్న సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఒక గురువారం పొద్దున, మూడో తరగతి పిల్ల తాత ఒకాయన భుజాన తువ్వాలతో బడికి వచ్చాడు. డెబ్బైకి దగ్గర మనిషి. కొడుకూ కోడలూ పనికని పొద్దున్నే నిజామాబాద్ వెళ్లిపోతారు కాబట్టి పిల్ల చదువు సంగతులన్నీ ఆయనవే. వస్తూనే మడత పెట్టిన కాగితం బల్ల మీద పెట్టాడు.

"టీచరమ్మా, మా పోరిది టీసీ ఇయ్యుండ్రి. బస్సు బడికి తోలుత."

"ఏమైంది అన్నా?"

"ఏం గాలేదు. మా పక్కింటి పోరడు గా బస్సు బడికే పోతడు. పొద్దుగాల వాకిట్ల నిలవడి ముప్పై మీనింగులు గుక్క తిప్పకుంట చెప్తడు. మా పోరిని, ఇయ్యాల ఏం సదివినవే అంటే, 'తాడు వట్టుకొని సూసినం తాతా' అన్నది. తాడు సూసేటందుకు బడికి పంపాల్నా టీచరమ్మా? మా ఇంట్ల లేదా తాడు?"

నాకు నవ్వొచ్చి పేపర్ అడ్డం పెట్టుకున్నాను. ఆమె నవ్వలేదు. ఆ బడిలో పిల్లలు అసలే తక్కువ. ఈ పిల్ల వెళ్తే వెనకే ఇంకో రెండిళ్ల పిల్లలు వెళ్తారు, వాళ్లు ఈయన ఏం చేస్తాడా అని చూస్తున్నారు. అప్పుడు బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. పక్క ఊరికి లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటి పోవాలి. ఫీజు కట్టి ప్రైవేటు బడి పసుపుపచ్చ బస్సు ఎక్కగలిగిన వాళ్లు ఎక్కుతారు. ఊరి చివరి కిల్లీ పిల్లలు ఎక్కడికీ పోరు, తల్లుల వెంట చెరుకు తోటల్లోకి పోతారు. ఇదంతా ఆమె చాలాసార్లు నాతో అన్న మాటే.

"సోమవారం దాంక ఆగు అన్నా," అంది. "గప్పటికి కొత్త పాఠం అయితది. నీ మనుమరాలు నీ ముంగట నిలవడి సదువుతది. సదవకుంటే టీసీ నేనే నీ ఇంటికి తెచ్చిస్త."

"సూసుడు గాదు, సదువుడు."

"సదువుడే."

ఆయన కాగితం తీసుకోలేదు. సోమవారం వస్తానని చెప్పి, దాని మీద చాక్‌పీసుల డబ్బా బరువుంచి వెళ్లిపోయాడు.

ఆ వారం పాఠం నాలుగైదు వాక్యాలదే. ఒక చిన్న పిల్ల. పొద్దున సైరన్ మోగుతుంది. వాళ్ల నాన్న ఫ్యాక్టరీకి వెళ్తాడు. సాయంత్రం ఆ పిల్ల గేటు దగ్గర ఎదురుచూస్తుంది. చివరి వాక్యంలో నాన్న బయటికి వస్తాడు. ఫ్యాక్టరీ సంచిలో పట్టదు కాబట్టి ఆమె ముందు బొమ్మ గీయమంది. ఫ్యాక్టరీ తెలియని పిల్ల ఆ ఊళ్లో ఎవరు? బోధన్ పోయేటప్పుడల్లా చూసే చక్కెర ఫ్యాక్టరీయే. అందరూ వంగి గబగబా గీశారు.

నేను లేచి ఒక్కో నోట్‌బుక్ చూస్తూ నడిచాను. తొమ్మిది బొమ్మలు. పొడుగాటి పొగగొట్టం అందరూ గీశారు, పొగ ఎవరూ గీయలేదు. గేటు ఉంది. గేటుకు తాళం ఉంది. కొందరి తాళం గేటు కంటే పెద్దగా ఉంది. గోడల మీద తుమ్మచెట్లు మొలిచాయి. ఒకరి బొమ్మలో కుర్చీలో ముసలాయన, పక్కన పడుకున్న కుక్క. ఇంకొకరి బొమ్మలో పాము. మనుషులు లేరు. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఈ పిల్లల వయసు కంటే ఎక్కువే అయింది.

మా ఆవిడ కూడా ఆ బొమ్మలన్నీ చూసింది. "మన పాఠంల ఒక పిల్ల ఉన్నది. వాళ్ల బాపు రోజు ఫ్యాక్టరీకి పోతడు," అని మొదలుపెట్టింది.

తరగతంతా నవ్వింది.

"ఎందుకు పోతడు టీచర్? తాళమున్నది గదా!"

"వాచ్‌మన్ గావచ్చురా."

"ఔ, వాచ్‌మనే."

"వాచ్‌మన్ ఎందుకు పోతడు? గాడనే పంటడు."

"అన్నం తిననీకి ఇంటికొస్తడు. మల్ల పోతడు."

అదే ఖాయమైపోయింది. ఆ పాఠంలో పిల్ల తండ్రి వాచ్‌మన్. ఎందుకో నాకు రోషం లాంటిది వచ్చింది. అడగకుండానే బోర్డు దగ్గరికి వెళ్లి చాక్‌పీసు అందుకున్నాను. 'కర్మాగారం' అని రాశాను. దాని కింద 'ఉత్పత్తి' అని రాశాను. ఈ ప్రాంతానికి ఆ ఫ్యాక్టరీ ఎంత ముఖ్యమో, ఎన్ని ఊళ్ల బండ్లు దానికి చెరుకు తోలేవో పావుగంట చెప్పాను. ఎడిట్ పేజీలో వేసుకోదగ్గ ప్రసంగమే. పిల్లలు నన్ను చూడటం మానేసి మా ఆవిడ మొహం చూశారు.

"మీరు జర కూసోండ్రి," అంది ఆమె.

సాయంత్రం స్కూటర్ మీద వెనక నుంచి, "ఒక మాట తెల్వదంటే మూడు మాటలు తెల్వకుంట జేసిండ్రు," అంది. ఫ్యాక్టరీ పక్కనే ఉన్న కాలనీలో పెరిగినవాణ్ని నేను. మా నాన్న అందులో చెరుకు పిండే మిల్లులో పనిచేశాడు. చెరుకు సీజన్‌లో మా ఊరంతా, చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డి వాసన వేసేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు, మాకు మాత్రం ఆ వాసన ఆగితేనే తెలిసేది. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు. వెనక నుంచి గడ ఒకటి లాగి పరుగెత్తేవాళ్లం, బండాయన చెర్నాకోల గాల్లో ఆడించేవాడు గానీ బండి దిగేవాడు కాదు. సైరన్ మోగితే అమ్మ పొయ్యి మీంచి అన్నం దించేది. మా ఇంట్లో గోడ గడియారం ఉండేది కానీ దాన్ని ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఇవన్నీ పిల్లలకు చెబుదామనుకునే లేచాను. నోరు తెరిస్తే కర్మాగారం అని వచ్చింది.

ఇంటికి వచ్చాక ఆమె అడిగింది, "మామయ్య బిళ్ల ఇంకా ఉన్నదా?"

ఉంది. నాన్న రేకుపెట్టెలో, ఆయన కళ్లద్దాల డబ్బాలోనే ఉంది. రూపాయి కంటే పెద్దది, గుండ్రటి ఇత్తడి బిళ్ల, మీద నంబరు. షిఫ్టుకు లోపలికి పోయేటప్పుడు గేటు దగ్గర ఇచ్చి, వచ్చేటప్పుడు తీసుకునేవాళ్లు.

శుక్రవారం సంచిలో ఆ బిళ్ల, నాన్న టిఫిన్ డబ్బా, చెరుకు గడ ముక్క, గుప్పెడు చక్కెర పొట్లం వెళ్లాయి. పిల్లలు బిళ్లను తడిమి చూసి రూపాయి అన్నారు, కుక్క మెడ బిళ్ల అన్నారు. అదేమిటో మా ఆవిడ చెప్పింది. అప్పుడు వరండాలో చాక్‌పీసుతో గేటు గీసి, అట్టముక్కలు బిళ్లల్లా కత్తిరించి పిల్లలకు ఇచ్చింది. నన్ను సైరన్ కమ్మంది. డెస్కులో ఇన్నేళ్లు అరవని అరుపు అరిచాను. పిల్లలు బిళ్లలిచ్చి గేటు దాటి లోపలికి వెళ్లారు. నేను మళ్లీ అరిస్తే బయటికి వచ్చారు. ఇలా రెండు మూడు షిఫ్టులు అయ్యాక ఆ తాత మనవరాలే అడిగింది.

"లోపట ఏం జేస్తరు సార్?"

"చెరుకు పిండుతారు. చక్కెర చేస్తారు."

"ఎట్ల జేస్తరు?"

ఆ ఫ్యాక్టరీ మీద నేను దిద్దిన వార్తలకు లెక్కలేదు. సీజన్ మొదలైందని, ఆగిందని, గేటు ముందు ధర్నా అని. గేటు లోపల రసం చక్కెర ఎలా అవుతుందో నేను ఎప్పుడూ చూడలేదు. నాన్నను అడగనూ లేదు. చిన్నప్పుడు ఎంతసేపూ గేటు దగ్గర నిలబడి, డబ్బా చేతికిచ్చి వచ్చినవాణ్నే.

ఆదివారం ప్రార్థనకు వెళ్లి వచ్చాక కూడా ఆమెకు అదే బెంగ. "బిళ్ల ఇస్తరు, లోపటికి పోతరు. లోపట ఏం లేదు. రేపు పుస్తకం ఎట్ల తెరవాలె?" అంది.

సోమవారం ఆ పెద్దాయన మాకంటే ముందే వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు. చదివేముందు ఒక్కసారి షిఫ్టు ఆడదాం అంది మా ఆవిడ. ఆయన తువ్వాల దులుపుకుని, "మల్ల ఆటేనా?" అన్నాడు. నేను సైరన్ వేశాను. పిల్లలు గేటు దాటారు. లోపల ఒకడు చెరుకు గడ నేలకేసి కొట్టి, వెంటనే గుప్పెడు ఇసుక పైకి విసిరి, "చక్కెర! చక్కెర!" అని అరిచాడు.

"ఆగుండ్రి," అన్నాడు పెద్దాయన. లేచి నిలబడ్డాడు. "రసమే గాలె, చక్కెర యాడిదిరా?"

గీసిన గేటు పక్కన గోడ మేకుకు నాన్న బిళ్ల తగిలించి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని వెనకా ముందూ తిప్పాడు.

"ఇది ఎవ్వలది?"

"మా నాన్నది," అన్నాను.

"మిల్లుల జేసిండా?"

"మీకెట్ల తెలుసు?"

"గుండ్రం బిళ్లలు మిల్లోళ్లయి. మాయి నాలుగు మూలలయి ఉంటుండె. నేను పాన్ మీద జేసిన." పాన్ అంటే రసాన్ని చక్కెర గింజ కట్టేదాకా మరిగించే పెద్ద పాత్ర అని అప్పుడు తెలిసింది నాకు.

మనవరాలు ఆయన చొక్కా పట్టుకుంది. "తాతా, నువ్వు ఫ్యాక్టరీలకు పోయినవా?"

"పోకుంటే? మీ నాయన గా కూలితోనే పెరిగిండు."

"మరి ఎన్నడు చెప్పలే?"

"నువ్వు అడిగినవానే?"

ఆ తర్వాత బడి ఆయన చేతిలోకి పోయింది. ముందు కాంటా అన్నాడు, తూకం వేయకుండా చెరుకు లోపలికి పోదు. ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి చేతులు గుండ్రంగా తిప్పమన్నాడు, వాళ్లు రోలర్లు. వాళ్ల మధ్య నుంచి గడ పోవాలి. పిప్పి ఇటు, రసం అటు. "పిప్పి పారేయొద్దు, గదే బాయిలర్ల పొయ్యికి." రసాన్ని మోసే వాళ్లను తరగతి గడప దగ్గరికి తెచ్చాడు. గడపే పాన్. అక్కడ ఒంగి, కనిపించని పాకాన్ని బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య సాగదీసి వెలుగుకు పట్టాడు.

"గింజ వడేదాంక ఎవ్వలు మాట్లాడొద్దు. మాట్లాడితే సూపు తప్పుతది."

తొమ్మిదిమందీ ఊపిరి బిగబట్టారు. నేను కూడా.

"వడ్డది!" అన్నాడు.

పిల్లలు చేతులు పట్టుకుని గిరగిర తిరిగారు, మడ్డి బయటికి పోయి చక్కెర లోపల మిగలాలి కదా. ఒకమ్మాయి కళ్లు తిరిగి కూలబడి, "నేను మడ్డి టీచర్!" అంది. చివరికి ఇసుకను సంచుల్లోకి ఎత్తారు. పెద్దాయనకు చెమట పట్టింది, తువ్వాల ఎక్కడ పడేశాడో చూసుకోలేదు. షిఫ్టు అయిపోయిందని నన్ను సైరన్ వెయ్యమన్నాడు. వేశాను. "గది అంబులెన్సు," అని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తనే వేశాడు. మెల్లగా లేచి, చాలాసేపు నిలబడి, చివర కిందికి జారే కూత. ఆ చివరి జారుడు నేను మరిచిపోయాను. కొన్ని క్షణాలు నేను టిఫిన్ డబ్బాతో గేటు దగ్గర నిలబడి ఉన్నాను.

అప్పుడు మా ఆవిడ పుస్తకాలు తీయమంది. ఆయన మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు. మనవరాలు నిలబడింది. ఆ పేజీ తరగతిలో ఎవరూ అంతవరకూ తెరవలేదు. వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"మై ఫాదర్... గోస్ టు... ద ఫ్యాక్టరీ."

ఎవరూ నవ్వలేదు.

నాలుగో వాక్యంలో 'వెయిట్' దగ్గర ఆగిపోయింది. మా ఆవిడ నోరు కదపలేదు. చేతిలో చాక్‌పీసు ఎంత గట్టిగా పట్టుకుందో నాకు కనిపిస్తోంది. పిల్ల తల ఎత్తి వరండాలో గీసిన గేటు వైపు చూసింది. ఎంతసేపు చూసిందో. మళ్లీ పుస్తకంలోకి తల దించి 'వెయిట్' అని చదివి, ఆపకుండా చివరి వాక్యం కూడా చదివేసి కూర్చుంది.

"ఏమన్నది?" అన్నాడు పెద్దాయన నా వైపు తిరిగి. నేను చెప్పబోతుంటే మా ఆవిడ, "నన్నుగాదు, సారునుగాదు, నీ మనుమరాలిని అడుగు అన్నా," అంది.

"వాళ్ల బాపు ఫ్యాక్టరీలకు పోయిండు తాతా," అంది పిల్ల. "గా పిల్ల గేటు కాడ నిలవడ్డది. వాళ్ల బాపు వచ్చేదాంక."

"వచ్చిండా మరి?"

"వచ్చిండు. ఆకరి లైనుల వచ్చిండు."

ఆయన లేచి, మేకు మీంచి బిళ్ల తీసి తువ్వాల కోసం వెతికాడు. అది దొరక్క చొక్కాకే తుడిచాడు. నాకు ఇస్తాడేమో అని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. మా ఆవిడ సంచి నోరు తెరిచి అందులో వేశాడు. "మల్ల పోరగాండ్లకు కావాలె," అన్నాడు.

మా ఆవిడ మాట తప్పే మనిషి కాదు. చాక్‌పీసుల డబ్బా జరిపి ఆయన దరఖాస్తు తీసి బల్ల మీద విప్పింది. పక్కన టీసీల పుస్తకం కూడా పెట్టింది. ఆయన రెండింటినీ చూశాడు.

"ముప్పై మీనింగులు చెప్పలేదు," అన్నాడు.

"చెప్పలేదు అన్నా."

"రేపు ఏం పాఠం?"

"పడవ."

ఆయన దరఖాస్తును అందుకుని, నాలుగు మడతలు పెట్టి, బీడీల కట్ట ఉన్న జేబులో దోపుకున్నాడు.

"గది మా ఇంట్ల లేదు," అన్నాడు.